కుండ మంచిదే, కుదురు లేదు

మీరు నడిపే కార్లలో స్పీడోమీటరు దగ్గర ఒక చిన్న పసుపు దీపం ఉంటుంది. వెనకాల రెండు వంకర గీతలు గీసుకుంటూ జారిపోతున్న కారు బొమ్మ. తాళం తిప్పగానే ఒకసారి వెలిగి ఆరిపోతుంది. అదేమిటో చాలామందికి తెలియదు, తెలియకపోయినా నష్టం లేదు. అది మీ ప్రాణం కాపాడడానికి ఉంది. కానీ ఒకసారి దాని మూలంగా ఒక మంచి డ్రైవరు ఉద్యోగం పోబోయింది. దాని మూలంగా అనడం కూడా తప్పే. నా మూలంగా. కుర్ర ఇంజనీర్లూ, ముసలాడి సోది అని పేజీ తిప్పేయకుండా కాస్త ఓపిక పట్టండి.

ఆ దీపం వెనక ఉన్నదాన్ని స్టెబిలిటీ కంట్రోల్ అంటారు. స్టీరింగు ఎంత తిరిగిందో ఒక సెన్సరు చూస్తుంది, అంటే డ్రైవరు ఎటు పోదామనుకుంటున్నాడో దానికి తెలుస్తుంది. కారు నేలకు బిగించిన అరచేతంత పెట్టె ఒకటి కారు నిజంగా ఎటు తిరుగుతోందో చూస్తుంది. రెండూ కలవకపోతే కారు జారుతోందని లెక్క. వెంటనే ఏదో ఒక్క చక్రానికి తనంతట తానే బ్రేకు వేసి కారును దారికి లాగుతుంది. మొగుడూపెళ్ళాల మధ్య అత్తగారిలాంటిది. అవసరం పడ్డప్పుడు కలగజేసుకుంటే కాపురం నిలబడుతుంది, ఊరికే కలగజేసుకుంటే ఏమవుతుందో మీకు వేరే చెప్పాలా?

నేను దక్షిణాఫ్రికాలోని డర్బన్ వెళ్ళేసరికి అక్కడ తెల్లవాళ్ళ పాలన పోయి కొత్త ప్రభుత్వం వచ్చి నాలుగైదేళ్ళయింది. గ్రీన్‌వుడ్ పార్కు అనే పేటలో అద్దెకుండి, ఊరికి దక్షిణాన ఉన్న కార్ల ఫ్యాక్టరీకి వెళ్ళేవాణ్ణి. అంతకుముందు మన దేశంలో పదకొండేళ్ళు టైర్ల పరీక్షలు చేసినవాణ్ణి. అందుకని అక్కడ నాకు టైరు మనిషి అని పేరు. ఆ పేరంటే నాకు లోపల బోలెడు గర్వం.

ఐరోపాలో రూపొందించిన కారుకు ఈ స్టెబిలిటీ కంట్రోల్ పెట్టి మా ఫ్యాక్టరీలో కట్టాలి. అక్కడివాళ్ళు దాన్ని మెత్తటి పక్కగోడలున్న టైర్ల మీద మచ్చిక చేశారు. మేం బిగించేవి ఇక్కడి కంకర రోడ్లకు తగ్గ మందపాటి, మొండి టైర్లు. మెత్తటి టైరు స్టీరింగు తిప్పాక ఒక్క క్షణం ఆలోచించి తిరుగుతుంది, మొండిది వెంటనే తిరుగుతుంది. ఆ తేడా కంప్యూటరుకు చెప్పకపోతే అది లేని జారుడును ఉన్నట్టు ఊహించుకుంటుంది. నాలుగు నెలలు కూర్చుని ఆ లెక్కలన్నీ మార్చాను. తడిపిన తారు రోడ్డు మీద కారు చెప్పినట్టు విన్నది. అందరూ నాతో చేతులు కలిపారు. ఇక టైర్ల గురించి నాకు తెలియనిది భూమ్మీద లేదనుకున్నాను. అలా అనుకున్నవాడికి దేవుడు ఎక్కువ గడువివ్వడు.

మా పరీక్షల డ్రైవర్లు అయిదుగురు. నలుగురు తెల్లవాళ్ళు. అయిదోవాడు ఆ ఏడే కొత్తగా చేరిన జులూ మనిషి, నా ఈడువాడు. డర్బన్‌కు ఉత్తరాన స్టాంగర్ ఊరి దగ్గర చెరుకు లారీలు తోలి, తర్వాత మా ఫ్యాక్టరీలోనే చాలా ఏళ్ళు కార్లు కడిగాడు. కడిగిన కార్లను రెండు వేళ్ళ సందు వదిలి వరసగా పెట్టేవాడు. ఆ నేర్పును పాత రోజుల్లో అయితే ఎవరూ పట్టించుకునేవారు కాదు. రోజులు మారాయి కనుక మా మేనేజరు అతని చేతికి హెల్మెట్ ఇచ్చాడు. మిగతా నలుగురూ కొన్నాళ్ళు అతనితో కలిసి టీ తాగలేదు. అతనూ అడగలేదు, నా గదికి వచ్చి తాగేవాడు. నన్ను "భుటి" అని పిలిచేవాడు. జులూలో అన్నదమ్ముణ్ణి అలా పిలుస్తారు.

ఒక మంగళవారం స్టాంగర్ అవతల చెరుకు తోటల మధ్య కంకర రోడ్డు మీద ఆ కారు వెళ్ళి చెరుకులో పడింది. నడుపుతున్నది అతనే. దెబ్బలేమీ తగల్లేదు. రోడ్డు అక్కడ ఒక చిన్న మలుపు, దాని ముందు నేలంతా అప్పడాలకర్రలు పేర్చినట్టు గతుకులు.

"నేను స్టీరింగు తిప్పలేదు," అన్నాడు. "కారే తిరిగింది. తర్వాత నా చేతులు దాని వెంటపడ్డాయి."

కారులోని రికార్డరు గీసిన గీతలు తీసి చూశాం. ముందు కారు కుడికి తిరిగినట్టు సెన్సరు చెప్పడం, వెంటనే ఒక చక్రానికి బ్రేకు పడడం, ఆ తర్వాత స్టీరింగు. ఐరోపా నుంచి మా పని తనిఖీ చేయడానికి వచ్చిన నిపుణుడు ఒకాయన అప్పుడు మాతోనే ఉన్నాడు. వేగంగా మలుపులోకి వచ్చాడు, వెనకభాగం జారింది, యంత్రం కాపాడాలని చూసింది, కుదరలేదు అని ఆయన తేల్చేశాడు. అయినా న్యాయంగా ఉండాలని ఆయనే మరో కారుతో అదే మలుపులో పదిసార్లు పరీక్ష పెట్టించాడు. మా టైర్లు చెరుకు మోళ్ళకు చీరుకుపోయాయి కాబట్టి, తను పెట్టెల్లో తెచ్చుకున్న టైర్లు వేయించాడు. పదిసార్లూ కారు బుద్ధిగా నడిచింది.

ఇప్పుడు మీకు నవ్వొస్తుంటుంది. ఏ టైర్ల మీద తప్పు జరిగిందో ఆ టైర్లు తీసేసి పరీక్ష చేశాం! టైరు మనిషినైన నేను అక్కడే నిలబడి ఉన్నాను. నాకు తట్టలేదు. తట్టలేదో, నా లెక్కల వైపు వేలు చూపించడానికి నాకే మనసు రాలేదో, ఇప్పటికీ తేల్చుకోలేను. రిపోర్టులో కారణం అన్నచోట "డ్రైవరు తప్పు" అని రాశాను. ఆయన కింద రెండో సంతకం నాది.

సోమవారం నుంచి అతన్ని మళ్ళీ కార్లు కడిగే షెడ్డుకు పంపారు. మేనేజరు చెడ్డవాడేం కాదు. కాగితం మీద సంతకాలున్నాక కాదనే ధైర్యం లేనివాడు. నిపుణుడు తిరిగి వెళ్ళేలోగా రిపోర్టు ఖరారవుతుందనీ, ఆ తర్వాత ఆ మనిషికి హెల్మెట్ ఇచ్చే ప్రసక్తి లేదనీ చెప్పాడు. ఆ పొద్దున షెడ్డు ముందునుంచి వెళ్తుంటే అతను రబ్బరు బూట్లతో పైపు పట్టుకుని ఉన్నాడు. "గుడ్ మార్నింగ్, సర్," అన్నాడు. భుటి అనలేదు. ఆ సర్ అన్న మాట చెంపదెబ్బలా తగిలింది. తల దించుకుని వెళ్ళిపోయాను.

నలిగిన కారును బాగుచేసిన ఆయన గురించి చెప్పాలి. బాడీ షాపులో రేకు పని చేసే పెద్దాయన, డర్బన్‌లో మనవాళ్ళుండే మెరీబ్యాంక్ పేట మనిషి. ఆయన ముత్తాతలు చెరుకు తోటల పనికి విశాఖ వైపునుంచి ఓడెక్కి వచ్చారట. ఇంట్లో అందరూ ఇంగ్లీషే. ఆయనకు మాత్రం అవ్వ దగ్గర పెరిగిన పుణ్యాన నాలుగు తెలుగు ముక్కలు మిగిలాయి. నేను తెలుగువాణ్ణని తెలిసినప్పటి నుంచి ఆ నాలుగు ముక్కలూ నామీదే ప్రయోగించేవాడు. భార్య తమిళులమ్మాయి కావడంతో నన్ను తమ్ముడూ అనడానికి తంబీ అనేవాడు. నేను ఆయన్ను మామా అనేవాణ్ణి.

ఆ రోజు ఆయన కారు నేలమీది తివాచీ ఎత్తి, పిడికిలితో రేకు మీద టకటకా కొట్టి, నన్ను కేకేశాడు.

"ఏటి తంబీ, దీనికి కుదురు లేదు, మ్యాన్."

"కుదురు లేదనే కదా మామా, దీనికి ఇంత యంత్రం పెట్టింది," అన్నాను నేను. నా చమత్కారానికి నేనే నవ్వుకున్నాను.

"నో, నో. కుండ మంచిదే. కుదురు లేదు. నాను సెప్తే నువ్వు ఇనవు."

ఏదో సామెత కాబోలు అనుకున్నాను. నేను సికింద్రాబాదు రైల్వే క్వార్టర్లలో పుట్టి పెరిగినవాణ్ణి. మా ఇంట్లో నీళ్ళు స్టీలు డ్రమ్ములో ఉండేవి. కుదురు అంటే నాకు తెలిసింది ఒకటే, మా అమ్మ రోజూ నన్ను తిట్టిన తిట్టు. "ఒక్కచోట కుదురుగా కూర్చోవేంరా" అని.

ఆ వచ్చిన ఆదివారం వాళ్ళింట్లో అమ్మవారికి అంబలి పోస్తున్నామని మామ పిలిచాడు. మెరీబ్యాంక్‌లో వాళ్ళది చిన్న ఇల్లు. పెరట్లో నిలబడితే ఒకవైపు ఆయిల్ రిఫైనరీ పొగగొట్టాలు, ఇంకోవైపు కరివేపాకు చెట్టు. గాలి మళ్ళినప్పుడల్లా ఒకసారి పెట్రోలు వాసన, ఒకసారి పోపు వాసన. గడప పక్కన పసుపు రాసిన పెద్ద మట్టికుండ నిండా పుల్లటి అంబలి పెట్టారు. దారికి అడ్డంగా ఉంది కదా, ఖాళీగా నిలబడ్డం ఎందుకు, ఒక చెయ్యి వేద్దామని నేను ఆ కుండ ఎత్తి రెండడుగుల అవతల సిమెంటు గచ్చు మీద పెట్టాను.

పెట్టి చెయ్యి తీశానో లేదో కుండ ఒక పక్కకు ఒరిగింది. పట్టుకోబోయాను. ఇంకో పక్కకు ఒరిగింది. సగం అంబలి నా ప్యాంటు మీద, మిగతా సగం గచ్చు మీద. మామ భార్య పరుగెత్తుకొచ్చింది. ఆవిడకు తెలుగు రాదు, కానీ తిట్లు మాత్రం అత్తగారి దగ్గర శ్రద్ధగా నేర్చుకుంది.

"అయ్యయ్యో, ఎర్రి మొగమా! కుదురు తీసేసి కుండ ఎట్ట పెడతావ్? కుదురు ఏది? కుదురు!"

ఆవిడ వేలు చూపించిన చోట, కుండ ఇందాకటి వరకూ కూర్చున్న చోట, చెరుకాకు మెలేసి చుట్టిన ఒక చుట్ట ఉంది. అడుగు గుండ్రంగా ఉండే కుండ దొర్లిపోకుండా కింద పెట్టే చుట్ట. ఆ చుట్ట పేరు కుదురు.

అంబలి కారుతున్న ప్యాంటుతో అలాగే నిలబడిపోయాను. కుండ మంచిదే, కుదురు లేదు. మామ సామెత చెప్పలేదు. ఆయన కారు కుదురుగా లేదని కూడా అనలేదు. కారు నేల మీద ఆ సెన్సరు పెట్టె కూర్చున్న చోటు బాగాలేదన్నాడు. ఉన్నది ఉన్నట్టు, రేకు పనివాడు చెప్పినట్టు చెప్పాడు. తెలుగు బాగా వచ్చని విర్రవీగిన నాకే ఆ తెలుగు అర్థం కాలేదు.

"మామా, రేకు మీద కొట్టి చూసింది ఆ సెన్సరు పెట్టె కిందేనా?"

"మరేటి? ఆ పెట్టె దూలం మీద ఉండాల. మనకి స్టీరింగ్ రైట్ సైడ్, నో? సోటు సాలక జానెడు పక్కకి జరిపినారు. వట్టి రేకు మీద పెట్టినారు. రేకు డాన్స్ సేస్తే పెట్టె డాన్స్ సెయ్యదా?"

మిగతాదంతా గచ్చు మీద అంబలిలాగే నా బుర్రలో పారింది. మెత్తటి టైర్లు గతుకుల దెబ్బను తామే మింగేస్తాయి. మొండి టైర్లు మింగవు, పైకి పంపిస్తాయి. అది చాసిస్‌లో బిగువు లేని చోటు వెతుక్కుంటుంది. పలచటి రేకు వణుకుతుంది, దాని మీది పెట్టె అటూఇటూ మెలి తిరుగుతుంది. కారే తిరుగుతోందని పెట్టె నమ్ముతుంది. తిన్నగా పోతున్న కారుకు ఒక చక్రం మీద బ్రేకు పడుతుంది. టైర్లూ, చాసిసూ, కంప్యూటరూ ఎవరి మటుకు వాళ్ళు మంచివాళ్ళే. ముగ్గురూ కలిసిన చోటే చిక్కు. ఆ చిక్కును డ్రైవరు నెత్తిన రుద్దింది నేను.

సోమవారం పొద్దున్నే కార్లు కడిగే షెడ్డుకు వెళ్ళాను. అతను నన్ను చూసి పైపు కట్టేశాడు.

"నువ్వు తిప్పలేదు," అన్నాను. "నేను తప్పు రాశాను. క్షమించు."

అతను పైపు గోడకు తగిలించాడు. "క్షమించమని నాకు చెప్పడం సులువు, సర్," అన్నాడు. "కాగితానికి చెప్పండి."

కాగితానికి చెప్పడం నిజంగానే కష్టమైంది. మేనేజరు తల పట్టుకున్నాడు. నిపుణుడు నా మాట మర్యాదగా విని, తన టైర్ల మీద పదిసార్లు సరిగ్గా నడిచిందని మర్యాదగానే గుర్తుచేశాడు. చివరికి, గురువారం తన విమానం ఎక్కేముందు రెండు కార్లు చూపించమన్నాడు. ఒకటి ఉన్నదున్నట్టు, మా మొండి టైర్లతో. రెండోది అవే టైర్లతో, కానీ పెట్టె కింద మామ కట్టిన కుదురుతో. మామ దానికి రెండ్రోజులు తీసుకున్నాడు. మందపాటి రేకు కోసి, మడిచి, పెట్టెను జానెడు ఇవతలకు తెచ్చి, అడ్డదూలానికే కలిపి వెల్డు చేశాడు. పిడికిలితో కొడితే అంతకుముందు డప్పులా మోగిన చోటు ఇప్పుడు రాయిలా పలికింది.

గురువారం పొద్దున ఆ చెరుకు తోట మలుపు దగ్గర అందరం చేరాం. వేడుక చూడ్డానికి మిగతా నలుగురు డ్రైవర్లూ వచ్చారు. మొదటి కారు తనే నడుపుతానన్నాడు నిపుణుడు. ఎవరో డ్రైవరు కావాలని పడేస్తే తను ఒప్పుకోడట.

మొదటిసారి నెమ్మదిగా వెళ్ళాడు. ఏమీ కాలేదు. రెండోసారి బాగా జోరుగా వెళ్ళాడు. దుమ్ము లేచింది తప్ప ఏమీ కాలేదు. మామ వైపు చూస్తే ఆయన ఆకాశం వైపు చూస్తున్నాడు. అప్పుడు నా పక్కన నిలబడ్డ జులూ డ్రైవరు నెమ్మదిగా అన్నాడు.

"ముందు మరీ నెమ్మది, ఇప్పుడు మరీ జోరు. ఆ గతుకులు నాకు చిన్నప్పటి నుంచీ తెలుసు. అరవై దగ్గర మోగుతాయి. దానికి ముందూ మోగవు, తర్వాతా మోగవు. అరవైలో పట్టి ఉంచమనండి."

చెప్పాను. మూడోసారి అరవై మీద పట్టి వచ్చాడు. గతుకుల మీదికి రాగానే కారు అడుగునుంచి సన్నటి ఝుం శబ్దం మొదలైంది, బయట ఉన్న మాకే వినిపించింది. ఆ తర్వాత ఎడమ ముందు చక్రం ఒక్కసారి బిగుసుకుంది. కారు మా కళ్ళముందే తలతిప్పుకుని, ఎవరో పిలిచినట్టు తిన్నగా చెరుకులోకి నడిచింది.

అందరం పరుగెత్తాం. తలుపు తెరుచుకుంది. కళ్ళద్దాలకు ఒక చెరుకాకు అంటుకుని ఉండగా ఆయన బయటికి వచ్చాడు. దెబ్బలేమీ లేవు. మా వంక ఒకసారి చూసి, ఎవరూ అడక్కముందే అన్నాడు.

"నేను స్టీరింగు తిప్పలేదు!"

నా మిత్రుడు ముందుకు వచ్చి ఆయన అద్దాల మీది ఆకు తీశాడు.

"యేబో," అన్నాడు, జులూలో అవునని. "నేనూ తిప్పలేదు."

మొదట నవ్వింది ఆ నలుగురు డ్రైవర్లలో పెద్దవాడు. తర్వాత మేనేజరు. చివరికి నిపుణుడు కూడా. ఆయన గొప్పతనం ఒకటి చెప్పుకోవాలి. నవ్వడం అయిపోయాక, రెండో కారు తాళాలు జేబులోంచి తీసి, తన చేతులతో అతని చేతిలో పెట్టాడు.

రెండో కారులో మామ వెనకసీటు ఎక్కాడు. తన కుదురు తనే చూసుకోవాలట. అరవై మీద వచ్చారు. గతుకుల మీద కారు కిటికీలు వణికాయి, అద్దాలు వణికాయి, "గోవిందా గోవిందా" అంటున్న మామ గొంతు వణికింది. కారు మాత్రం గీత గీసినట్టు మలుపు తిరిగి వెళ్ళింది. అంతటితో ఆగాలి కదా? ఆగలేదు. వెనక్కి తిరిగి మళ్ళీ వచ్చాడు. ఇంకోసారి వచ్చాడు. నాలుగోసారి వస్తున్నప్పుడు మామ గోవిందుణ్ణి వదిలేసి, "సాలు, మ్యాన్! సాలు!" అని అరవడం మాకు స్పష్టంగా వినిపించింది. ఏడోసారికి గానీ బండి ఆగలేదు. అతని మొహంలో అంత వెలుగు అంతకుముందు నేను చూడలేదు. నాకు కళ్ళనీళ్ళు తిరిగాయి. దుమ్ము పడిందని అందరికీ చెప్పాను.

అక్కడే కారు బానెట్ మీద రిపోర్టు పరిచాం. నిపుణుడు తన పాత సంతకానికి అడ్డంగా గీత కొట్టాడు. నేను "డ్రైవరు తప్పు" అన్నది కొట్టేసి, సెన్సరు బిగింపు తప్పు అని రాయబోయాను. అతను నా భుజం మీదుగా వంగి చూస్తున్నాడు.

"భుటి," అన్నాడు. పది రోజుల తర్వాత మొదటిసారి. "అది కారు తప్పు. నన్ను షెడ్డుకు పంపింది కారు కాదు."

అతనన్నది నిజం. కింద ఇంకో వాక్యం రాశాను. "మొదటి రిపోర్టు తప్పు: తప్పుడు టైర్లతో చేసిన పరీక్షను చూసి కూడా సంతకం పెట్టిన ఇంజనీరుది." నా ఉద్యోగ జీవితంలో నేను రాసిన వాక్యాల్లో గర్వంగా చెప్పుకునేది అదొక్కటే. దాని నకలు ఇప్పటికీ నా బీరువాలో ఉంది.

మామ వెల్డు చేసిన ఆ రేకు ముక్కకు డ్రాయింగ్ గీసేటప్పుడు పేరేం పెట్టాలని అడిగారు. ఆయన ఛాతీ విరుచుకుని "కుదురు" అన్నాడు. ఇంగ్లీషు అక్షరాల్లో అలాగే రాసుకున్నారు. ఆ కారు కట్టినన్నాళ్ళూ డ్రాయింగుల్లో ఆ పేరు అలాగే ఉంది.

నా మిత్రుడు ఆ తర్వాత పరీక్షల విభాగానికి పెద్ద అయ్యాడు. కొత్త ఇంజనీరు ఎవరు వచ్చినా మొదటిరోజు కంప్యూటరు దగ్గరికి పోనివ్వడు. కారులో మోకాళ్ళ మీద కూర్చోబెట్టి, తివాచీ ఎత్తించి, అరచేత్తో రేకు నొక్కించి, "కుదులు చూశావా?" అని అడుగుతాడు. అతని నాలుకకు ర పలకదు, ల అవుతుంది.

నేను రిటైరైన రోజు భోజనాల దగ్గర, హైదరాబాదు నుంచి కొత్తగా వచ్చిన ఒక తెలుగు ఇంజనీరు ఉత్సాహంగా నా పక్కకొచ్చి కూర్చున్నాడు. "సార్, నేను అప్పుడే ఒక జులూ మాట నేర్చుకున్నాను. కుదులు!" అన్నాడు.

వెంటనే సరిదిద్దబోయాను. నాకంటే ముందే రిటైరై, ఆ రోజు నాకోసం వచ్చిన మామ బల్ల కింద నా మోకాలు నొక్కాడు.

"సెప్పకు తంబీ," అన్నాడు. "మనకి పింఛన్ వచ్చింది. మా అవ్వ మాట ఇంకా పని సేస్తంది."